జీపు ముక్కుకు తొడుగు

మిగిలిన గొంగడి ముక్కను నోటికి అడ్డంగా పెట్టుకుని ఊదాను. గాలి అవతలికి పోలేదు. పొరపాటేమోనని మడత విప్పి, ఒంటి పొరగా బిగించి పట్టుకుని, చెంపలు నొప్పి పుట్టేదాకా ఊదాను. నా ఊపిరి చింతగింజల వాసనతో నా ముఖానికే తిరిగి వచ్చింది. దుకాణం ముందు దుమ్ము అణగాలని చెంబుతో నీళ్లు చల్లుతుంటే స్టూలు మీద ఉన్న ఈ గొంగడి ముక్క తడిసింది, పిండి ఆరేద్దామని చేతిలోకి తీసుకుంటే వేళ్లకు జిగురు పట్టుకుంది, జరిగింది అంతే. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి, నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆటోల వాళ్లు నల్లగొండ నల్లగొండ అని అరుస్తూనే ఉన్నారు, నేను మాత్రం కుట్టుమిషను ముందు కూలబడ్డాను. ఎందుకంటే ఇదే గొంగడిలోంచి కోసి నేను కుట్టిన తొడుగు, ఈ గంటలో, హిమాచల్‌లో ఎక్కడో మంచు కనుమ ఎక్కుతున్న ఒక జీపు ముక్కుకు కట్టి ఉంది. ఆ జీపు నడుపుతున్నది మా ఆయన జానయ్య.

జీపు ముక్కు అన్నది ఆయన మాటే. ముందు అద్దం కింద, బానెట్ వెనకాల, సన్నటి చీలికల వరస ఒకటి ఉంటుంది. హీటర్‌కు బయటి గాలి అక్కడినుంచే పోవాలి. మంచు పడే చోట గాలితో పాటు పిండిలాంటి ఆ మంచు కూడా లోపలికి పోతుంది, పోయి హీటర్ వేడికి కరిగి, ఆవిరై, సరిగ్గా ముందు అద్దానికే లోపలినుంచి పట్టుకుంటుంది. ఆయన అక్కడ సొరంగం పనికి పోయి ఇది రెండో చలికాలం. మనుషులను, సామాన్లను కనుమ దాటించి దింపి రావడం పని. ఒక చేత్తో అద్దం తుడుచుకుంటూ ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పాలి, పక్కన లోయ. దోమల జాలి కట్టి చూశాడట, కన్నాల్లో మంచు పేరుకుని జాలి కాస్తా పలకైందట. నెల కిందట వీడియో ఫోన్‌లో ఆ చీలికలు చూపించి, “సీటు కవర్లు కుట్టెటోళ్లల్ల నన్ను మించినోళ్లు లేరంటవు గద, దీని ముక్కుకు ఏదన్న కుట్టి పంపు శోభా, గాలి రావాలె, మంచు రావద్దు” అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొంగడి అన్నాను. గొర్ల వెంట పోయేవాళ్లు వానలో గొంగడి కప్పుకుని గంటలు గంటలు నిలబడతారు, నీళ్లు దిగవు, ఊపిరి ఆగదు. మంచు మాత్రం ఏమిటి, గడ్డకట్టిన నీళ్లే కదా. సోడా బండి మీది ఐసుగడ్డ తప్ప మంచు ముఖం ఎరగని దాన్ని, అంత ధీమాగా చెప్పాను.

పొద్దున ఏడున్నరకు ఫొటో పెట్టాడు. తొడుగు కట్టి ఉంది, నల్లగా, నాలుగు మూలలా నాడాలు బిగించి. దాని కింద ఆయన గొంతు, “బైలెల్లుతున్న, అవుతలికి దిగినంక ఫోన్ జేస్త.” కనుమ మీద సిగ్నల్ ఉండదు, అవతలి దిగువలో చాయ్ డబ్బా దగ్గర మళ్లీ వస్తుంది, మామూలుగా గంటన్నర దారి. ఇప్పుడు తొమ్మిదీ ఇరవై. అంటే ఇరవై నిమిషాల ఆలస్యం. కాదు, ఫొటో పెట్టినాక చాయ్ తాగి ఉంటాడు, బీడీ కాల్చి ఉంటాడు, బీడీ మానేశానని నాకు చెప్పాడు కాబట్టి తప్పకుండా కాల్చి ఉంటాడు, అది ఒక పావుగంట తీసేయాలి. తీసేసినా ఐదు నిమిషాలు మిగులుతోంది. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాను. నాడాల ముడులు సరిగ్గానే ఉన్నాయి. అద్దంలో ఫొటో తీస్తున్న మనిషి నీడ ఉంది, నీడ కొంచెం వెడల్పుగా ఉంది, లావు కోటు వేసుకున్నాడా, పక్కన ఇంకొకరున్నారా? ఛీ, ఇదా ఇప్పుడు చూడాల్సింది. ఫోన్ చేశాను. హిందీలో ఒక ఆడమనిషి ఏదో చెప్పి పెట్టేసింది. ఆమె మీద కూడా నాకు మంటగా ఉంది.

పక్క షెడ్డులో మక్సూద్ భాయ్ రేడియేటర్‌కు టంకం పెడుతున్నాడు. పదేళ్లుగా పక్కపక్కనే ఉన్నాం, ఆయన ఎవరి ముచ్చటా ఇంకొకరికి మోయగా నేను చూడలేదు, అయినా సంగతి నేరుగా చెప్పబుద్ధి కాలేదు. తడి ముక్కను కొంగు కింద పట్టుకుని వెళ్లి నిలబడ్డాను.

“భాయ్, హీటర్‌కు గాలి పొయ్యే తొవ్వ మొత్తం బందైతే ఏమైతది?”

“ఏ బండికి చెల్లె? మనకాడ హీటర్ ఎవలకు గావాలె?”

“ఊకనే అడుగుతున్న.”

“ఏమైతది, గాలి రాదు, అద్దం మబ్బుగైతది.” టంకం కడ్డీ పక్కన పెట్టాడు. “జర ఆగు. ఫ్యాన్ ఊకోదు గద. మీదికెల్లి గాలి దొర్కకుంటే ఇంజన్ దిక్కుకెల్లి, గా సందులకెల్లి గుంజుకుంటది. సైలెన్సర్ లీకుంటే పొగ లోపటికొస్తది. మనిషికి ఎరుక గూడ గాదు, నిద్రొచ్చినట్లైతది. జానయ్య మంచిగున్నడా?”

“మంచిగనే ఉన్నడు” అని వచ్చేశాను.

సైలెన్సర్. వారం కిందట మాట్లాడుతుంటే వెనకాల గుర్రు గుర్రుమని ఒకటే చప్పుడు, ఏందది అని అరిస్తే, సైలెన్సర్ ఊగుతోంది, వెల్డింగ్ పెట్టించాలి అన్నాడు. పెట్టించాడా? మా ఇంట్లో కారుతున్న నల్లాకు వాషర్ వేయడానికి ఈ మనిషికి ఏడాది పట్టింది. పెట్టించి ఉండడు. పెట్టించినా అతుకు సరిగ్గా నిలవదు, అంత చలిలో వెల్డింగ్ ఎట్లా పడుతుందో నాకేం తెలుసు, అక్కడి వెల్డర్ ఎట్లాంటివాడో, తాగుబోతో. పొగ వస్తే దగ్గు రావాలి కదా, దగ్గు వస్తే అద్దం దించుకోడా? ఎరుక కూడా కాదని మక్సూద్ భాయ్ అననే అన్నాడు. నిద్రొచ్చినట్టు అవుతుందట. జానయ్యకు మామూలుగానే నిద్ర ఎక్కువ, కూర్చున్నచోటే కూర్చున్నట్టు పడుకుంటాడు, పెళ్లిపందిట్లో కూడా కునికాడు, ఇరవై రెండేళ్ల కిందట ఆ కునుకు చూసి నాకు భలే నవ్వొచ్చింది, నవ్వి మా అమ్మతో తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడు తల స్టీరింగ్ మీదికి వాలడం కనబడుతోంది. కళ్లు గట్టిగా మూసుకుంటే ఇంకా బాగా కనబడుతోంది. నాకు భయంగా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గేమిటి, చేతులు చల్లబడిపోయేంత భయంగా ఉంది, ఫిబ్రవరిలోనే ఈ రేకుల కింద చెమటలు పోస్తుంటే నా చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఎవరు చేశారు ఇది? విజేందర్ మార్చాడా? ఆ సొరంగం పని దగ్గరే వంటశాలలో ఉండే విజేందర్, మొన్న సెలవు మీద వచ్చి తిరిగి పోతుంటే అతని చేతికే పొట్లం ఇచ్చాను. రెండుసార్లు ఒత్తి చూసి, “ఏముందక్కా గిండ్ల, మెత్తగున్నది” అన్నాడు. తొడుగు అంటే నమ్మనట్టు నవ్వాడు. మంచి ఉన్ని చూసి అది తాను ఉంచుకుని ఇంకేదో గుడ్డ ఇచ్చి ఉంటే? కానీ ఫొటోలో ఉన్నది నా కుట్టే, మూలలో రెండుసార్లు తిప్పి వేసే కుట్టు నేను తప్ప ఈ రోడ్డు మీద ఎవరూ వేయరు. విజేందర్ కాదు. మరి భిక్షం. దేవరకొండ అవతల గుంటమగ్గం మీద గొంగళ్లు నేసే ముసలాయన, మా మేనమామ వరస, నేను పనిగట్టుకుని బస్సెక్కి పోయి తెచ్చింది ఆయన దగ్గరే. పడుగు దారాలకు చింతగింజల గంజి పట్టిస్తారు, దారం తెగకుండా, బిగిసి ఉండేందుకు. ఎంత పట్టించాలి? ఇంతా? చేతికి బరువుగా తగిలితే నిఖార్సైన ఉన్ని అనుకుంటారని దట్టంగా పట్టించి ఉంటాడు. ముసలివాడు నవ్వితే పళ్లు లేని నోరు చంటిపిల్లవాడి నోరులా ఉంటుంది, అట్లాంటి నోటిని చూసే మోసపోతాం. పోతాను, ఇవాళే పోయి మగ్గం గుంట ముందు నిలబడి అడుగుతాను, నీ గంజి నా ఇంటి మీద పడింది మామా అని, అప్పుడు ఏమంటాడో. ఏమంటాడో నాకు తెలుసు. ఏమంటాడో తెలుసు కాబట్టే ఆయన దగ్గరికి రాగానే నా ఆలోచన పక్కకు తప్పుకుంటోంది.

మేళ్లచెరువులో ఉన్నప్పుడు మాత్రం నా తొడుగుకు ఎవరూ వంక పెట్టలేదు. అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో జానయ్య ఇట్లాగే జీపు నడిపేవాడు, సున్నపురాయి క్వారీకి, ఆఫీసుకు మధ్య. దుమ్మంటే అట్లాంటి ఇట్లాంటి దుమ్ము కాదు, సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు తెల్లగా ఉండేవి, దగ్గితే తెల్లగా పడేది. అప్పుడు కూడా ఇదే ముక్కు, ఇవే చీలికలు. నేను పాత పంచెను రెండు మడతలు వేసి, అంచుకు ఎలాస్టిక్ పెట్టి తొడుగు కుట్టాను. రోజూ విప్పి దులిపి కట్టుకునేవాడు. నెల తిరగకముందే క్వారీ జీపులన్నిటికీ నేనే కుట్టాను, సూపర్‌వైజర్ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని, ఈ ఆలోచన ఎవరిదమ్మా అని అడిగాడు. నాది అన్నాను. జానయ్య పక్కనే నిలబడి, నాకంటే ఎక్కువ మురిసిపోతూ, చూపుడువేలితో నన్ను చూపించాడు. అప్పటినుంచి ఏ గుడ్డైనా నా మాట వింటుందని నాకో నమ్మకం. మనుషుల మీద లేదు గానీ గుడ్డల మీద ఉంది. దారం కొంటే కొస కాల్చి చూస్తాను, నూలైతే బూడిద, నైలాన్ అయితే ముద్ద. రెగ్జిన్ కొంటే వెనక్కి మడిచి గోరుతో గీస్తాను. అట్లాంటి దాన్ని, ఒక చెంబెడు నీళ్లు పోసి, ఒక్కసారి ఊది చూడకుండా ఎట్లా పంపాను?

తొమ్మిదీ నలభై. నల్లగొండ ఆటో ఆయన వచ్చి హుడ్డు కుట్టడం అయిందా అని అడిగాడు. కాలేదు అన్నాను. నిన్న ఇస్తానన్నవు గదమ్మా అంటే, నిన్న అనలేదు అన్నాను, అన్నాను నిజానికి. అతను కాసేపు నిలబడి, నా ముఖం చూసి, మధ్యాహ్నం వస్తానని పోయాడు. మనిషి ముఖం చూస్తేనే తెలిసిపోతుందా? అయితే ఆ రోజు నా ముఖం చూసి భిక్షం మామకు ఎందుకు తెలియలేదు? తెలిసే ఉంటుంది. అందుకే అంత వివరంగా చెప్పాడు.

సరే, చెప్పుకుంటాను, ఇక్కడ వినేవాళ్లెవరూ లేరు. వీడియో ఫోన్‌లో జానయ్య ఆ చీలికలు చూపిస్తుంటే వెనకాల ఎవరో ఆడమనిషి నవ్వింది. చిన్నగా, దగ్గరగా. ఎవరది అన్నాను. ఎవరూ లేరు, గాలి అన్నాడు. గాలి నవ్వుతుందా? ఆ తర్వాత, తొడుగుకు పోను మిగిలిన గొంగడి కూడా పంపు, పనికొస్తుంది అన్నాడు. ముక్కు జానెడు, గొంగడి నిలువెత్తు. మిగిలింది ఎవరి భుజాల మీదికి? నేను అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వస్తుందని అడగలేదు. పన్నెండు రోజులు ఆ నవ్వు నా చెవిలోనే ఉంది, మిషను తొక్కుతుంటే కూడా ఉంది. విజేందర్‌ను అడిగితే, అక్కడ రోడ్డు మీద మంచు ఎత్తిపోసే ఆడవాళ్లు బోలెడుమంది అక్కా, అందరూ చలికి జీపు పక్కన నిలబడతారు అన్నాడు, అతని మాట నేను నమ్మలేదు. అట్లాంటి మనసుతో బస్సెక్కి దేవరకొండ పోయాను, అట్లాంటి మనసుతో మగ్గం గుంట పక్కన కూర్చున్నాను. భిక్షం మామ గొంగడి మడిచి నా ఒళ్లో పెట్టి, నా రెండు చేతులు పట్టుకుని చెప్పాడు. “కొత్తది బిడ్డా, గంజి మీదున్నది. కప్పుకునేటందుకైతే ఏం గాదు. గాలి పోవాలంటివి గద, రెండు దినాలు నీళ్లల్ల నానబెట్టు, రాయి మీద బాది పిండు, నీడకు ఆరెయ్యి, గప్పుడు కోయి.” రెండు దినాలు. విజేందర్ ఐదో రోజు బయలుదేరుతున్నాడు, సమయం ఉంది. ఇంటికొచ్చి బక్కెట్లో నీళ్లు కూడా పట్టాను. పట్టి, ఆ నీళ్లు చూస్తూ నిలబడి, ఎవరి కోసం ఈ చాకిరీ, అనుకున్నాను. ఎవత్తో నవ్వితే నేను బాది పిండాలా, అనుకున్నాను. బక్కెట్ బోర్లించి కత్తెర తీశాను. జానెడు కోసి కుట్టి పంపాను, మిగిలింది పంపలేదు. అందులోంచి కోసిందే ఈ ముక్క.

భిక్షం కాదు, విజేందర్ కాదు, కారుతున్న సైలెన్సర్ కూడా కాదు. ఇంతసేపు వాకిట్లో దొంగ కోసం వెతికి వెతికి చివరికి నా కొంగు నేనే పట్టుకున్నాను. ఆయన చెడ్డవాడే అయినా, నిజంగానే ఎవతో ఉన్నా, నేను పంపాల్సింది తిట్లు, ఊపిరి ఆడని గుడ్డ కాదు. తిట్టి ఉంటే బాగుండేది. మనిషిని నిలబెట్టి తిడితే ఆయనా ఏదో అనేవాడు, రెండు రోజులు అన్నం మీద అలిగేవాడు, అక్కడితో అయిపోయేది. నోటితో అడగాల్సింది చేత్తో చేశాను. పదవుతోంది. తడిసిన గంజి ఆ చలిలో ఏమవుతుంది? జిగురు మీద మంచు పడుతుంది, మంచు కరిగి మళ్లీ గడ్డకడుతుంది, రేకులా బిగుసుకుంటుంది. లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అద్దం తెల్లబడుతుంది. ఆయన తుడుస్తాడు, మళ్లీ తెల్లబడుతుంది, ఆవులింత వస్తుంది. జానయ్యా, ఆవులింత వస్తే ఆపు, బండి ఆపి దిగు, దిగి ఆ గుడ్డను పీకి లోయలో పారేయి. శోభ కుట్టిందని చూడకు. శోభ కుట్టిందనే ఉంచుకుంటాడు ఈ మనిషి, అదే నా భయం. పాతికసార్లు ఫోన్ చేశాను. ఆ హిందీ ఆమె విసుక్కోకుండా పాతికసార్లూ అదే మాట చెప్పింది.

పదీ పన్నెండుకు మోగింది. పేరు కనబడగానే ఎత్తలేకపోయాను, ఆయన ఫోన్ ఎవరి చేతిలో ఉందో, అవతల ఎవరి గొంతు వినబడుతుందో అని. మూడోసారి మోగినప్పుడు మక్సూద్ భాయ్ షెడ్డులోంచి తొంగిచూశాడు. ఎత్తాను.

“దిగిన” అన్నాడు జానయ్య. ముక్కు దిబ్బడేసిన గొంతు. “ఏంది గిన్నిసార్లు చేసినవు? ఆలస్యమైంది, ఒక లారీ అడ్డం పడ్డది, గంతే. నీ తొడుగు మాత్రం జబర్దస్తుగున్నది శోభా. మంచు గింతంత రాలే. గాలి గలగల వస్తాంది. అద్దం చూడు, కడిగినట్లున్నది. అందరు అడుగుతున్నరు, ఎవలు కుట్టిండ్రని.”

నా చేతిలో ముక్క ఇంకా తడిగానే ఉంది. ఇందులోంచి గాలి గలగల రాదు. నా చెంపలే ఓడిపోయాయి, ఫ్యాన్ ఏం చేస్తుంది. అద్దం కడిగినట్టు ఉందంటే ముక్కుకు తొడుగు లేదు. ఫొటో తీసినాక ఏ మలుపులోనో అద్దం తెల్లబడి ఉంటుంది, దిగి, వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ నాడాలు విప్పి, మంచు కొట్టే ముక్కుతోనే, తుడుచుకుంటూ తుడుచుకుంటూ కనుమ దాటి ఉంటాడు. అందుకే పదీ పన్నెండు. దాటి వచ్చి, నాకు చెప్పాల్సిన మాటలు చాయ్ తాగుతూ కూర్చుకుని ఉంటాడు. మామూలుగా అయితే ఇక్కడ పట్టుకునేదాన్ని. కెమెరా తిప్పు, ముక్కు చూపించు అనేదాన్ని. తడి ముక్కను స్టూలు మీద పెట్టాను.

“మళ్ల వచ్చేటప్పుడు దాన్ని కట్టకు” అన్నాను.

“ఎందుకు? మంచిగున్నదంటిని గద.”

“గంజి గొంగడి అది. భిక్షం మామ నానబెట్టుమన్నడు. నేను నానబెట్టలే. నీ మీద కోపంల ఉండి నానబెట్టలే. వేరేది కుట్టి పంపుత. సైలెన్సర్ అతుకు పెట్టించినంకనే బండెక్కు.”

ఏం కోపమని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అవతల ఎవరో పిలుస్తున్నారు, చాయ్ గ్లాసులు కడుగుతున్నట్టుంది, ఆయన ముక్కు చీదుకున్నాడు.

“కట్టనులే” అన్నాడు. మళ్లీ ఆయనే, “గని ఇయ్యాలైతే మంచిగనే పనిచేసింది” అన్నాడు.

సరే అన్నాను. ఎట్లా పనిచేసిందని అడగలేదు.